కొండకూ ఏటికీ మధ్య

(రేడియో ప్రసంగ పాఠము)
వాక్యభాగము: లూకా సువార్త 18:1–8

వంటింట్లో పని చేసుకుంటూ వింటున్నవారు, ఆసుపత్రి మంచం పక్కన రేడియో పెట్టుకుని వింటున్నవారు, ప్రయాణంలో ఫోనులో వింటున్నవారు, మీరందరూ కొద్ది నిమిషాలు నాతో కలిసి ఆలోచించాలని కోరుతున్నాను. బైబిలు దగ్గరున్నవారు లూకా సువార్త పద్దెనిమిదవ అధ్యాయము తెరవండి. లేనివారు వింటే చాలు, కథ మీకు తెలిసినదే.

ఒక పట్టణంలో ఒక న్యాయాధిపతి ఉన్నాడు. అతనికి దేవుడంటే భయం లేదు, మనుషులంటే లెక్క లేదు. అదే పట్టణంలో ఒక విధవరాలు ఉంది. ఆమెకు అన్యాయం జరిగింది. నాకు న్యాయం తీర్చమని ఆమె అతని దగ్గరికి వస్తూనే ఉంది. అతను కొంతకాలం పట్టించుకోలేదు. చివరికి, ఈమె పోరు పడలేకపోతున్నాను అనుకుని న్యాయం తీర్చాడు.

ఆమె చేతిలో ఏముందో ఆలోచించండి. లంచం ఇవ్వడానికి డబ్బు లేదు. సిఫారసు చేయించడానికి మగదిక్కు లేదు. తరఫున మాట్లాడే వకీలు లేడు. ఉన్నవల్లా రెండు కాళ్లు, ఒక నోరు. నిన్న వెళ్లింది, ఇవాళ వెళ్లింది, రేపు కూడా వెళ్తుంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఈ కథను తీసుకుని, దేవుడు కూడా ఆ న్యాయాధిపతిలాంటివాడే, గట్టిగా పట్టుబడితే గాని చేయడు, కాబట్టి ఇంకా ఎక్కువసేపు, ఇంకా పెద్ద స్వరంతో అడగండి అని బోధించేవారున్నారు. నేను దానికి ఒప్పుకోను. ప్రభువు చెప్పినది దానికి పూర్తిగా ఎదురు. అంత చెడ్డవాడే చివరికి న్యాయం తీర్చితే, రాత్రింబగళ్లు తనకు మొరపెట్టే బిడ్డల్ని ప్రేమించే తండ్రి తీర్చడా అని ఆయన అడుగుతున్నాడు. దేవుణ్ణి విసిగించి ఒప్పించనక్కర లేదు. మరి ఈ కథ ఎందుకు? లూకా భక్తుడు మొదటి వచనంలోనే కారణం చెప్పేశాడు. శిష్యులు ప్రార్థిస్తూ ఉండాలి, విసుగు చెందకూడదు, అందుకు.

విసుగు. ఈ మాట దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. మన ప్రభువుకు మన సంగతి ఎంత బాగా తెలుసో చూడండి. మీరు ప్రార్థన మొదలుపెట్టరు అని ఆయన అనలేదు. కష్టం వచ్చినప్పుడు మొదలుపెట్టని మనిషి ఉండడు. నాస్తికుడైనా ఆపరేషన్ థియేటర్ తలుపు ముందు ఎవరినో ఒకరిని తలచుకుంటాడు. మొదలుపెట్టడం కష్టం కాదు. మూడో నెల, మూడో సంవత్సరం, పదమూడో సంవత్సరం, అక్కడ ఉంది కష్టం.

ఈ కార్యక్రమానికి వచ్చే ఉత్తరాల్లో ఒక సహోదరి వ్రాసిన ఉత్తరం ఉంది. భర్తకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్. తెల్లవారుజామున లేచి, క్యారేజీ కట్టుకుని, బస్సెక్కి పట్నం వెళ్లి, చీకటి పడ్డాక ఇల్లు చేరతారు. ఆమె అడిగినది దేవుడున్నాడా అని కాదు. దేవుడు చేయగలడని నాకు తెలుసు అయ్యగారూ, అది తెలుసు కాబట్టే బాధ ఎక్కువగా ఉంది అని వ్రాసింది. మెట్ట ప్రాంతపు రైతు ఒకాయన సంగతి వేరు. అప్పు తెచ్చి రెండు బోర్లు వేయించాడు, రెండూ పడలేదు. మూడోది వేసే ముందు సంఘస్థులందరూ పొలానికి వెళ్లి ప్రార్థన చేశారు. అదీ దుమ్ము లేచింది. ఆయన అప్పటినుంచి గుడికి రావడం మానేశాడు. దేవుని మీద కోపంతో కాదట. బోరు ఏమైంది అని అందరూ అడుగుతుంటే జవాబు చెప్పలేక.

ఇలాంటి వారికి ఏం చెప్పాలి? రెండు వచనాలు చదివి, తల మీద చెయ్యి పెట్టి, అంతా మేలుకే అమ్మా అని వచ్చేయడం తేలిక. దానికి బదులు ఒక చోటికి మిమ్మల్ని తీసుకువెళ్తాను. అది మన తెలుగు నేల మీదే, ఒంగోలులో ఉంది.

1854వ సంవత్సరం జనవరి 1. ఇంకా తెల్లవారలేదు. ఒంగోలు కొండ మీదికి ఐదుగురు ఎక్కుతున్నారు. అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనెరీ లైమన్ జ్యువెట్, ఆయన భార్య, సువార్తికుడు నరసు, ఇంకా జూలియా, రూతు అనే ఇద్దరు తెలుగు స్త్రీలు. నెల్లూరు నుంచి సువార్త ప్రయాణం మీద వచ్చారు. ఊళ్లో వీధుల్లో వాక్యం చెబితే ఎగతాళి ఎదురైంది. అయినా కొత్త సంవత్సరం మొదటి ఉదయం కొండ ఎక్కారు. పాట పాడారు. ఒకరి తర్వాత ఒకరు మోకాళ్లూని, ఈ ఊరికి, చుట్టుపక్కల పల్లెలకు సువార్త చెప్పే సేవకుణ్ణి పంపించమని దేవుణ్ణి అడిగారు. తెల్లవారాక జ్యువెట్ కింద నాగజెముడు కమ్మిన ఒక మిట్ట నేలను చూపించి, మిషన్ బంగళా అక్కడ ఉంటే బాగుంటుంది కదా అన్న అర్థంలో జూలియాను అడిగాడని చెబుతారు. ఆమె ఔనంది. ఆ నేల వారిది కాదు, కొనడానికి డబ్బూ లేదు.

ఆ రోజున వారి పరిస్థితి ఏమిటో తెలిస్తే ఆ ప్రార్థన బరువు తెలుస్తుంది. ఆ మిషన్ తెలుగు దేశంలో పని మొదలుపెట్టి అప్పటికి పద్దెనిమిదేళ్లు అవుతోంది. శామ్యూల్ డే అనే సేవకుడు 1836లో వచ్చాడు, తెలుగు నేర్చుకున్నాడు, 1840లో నెల్లూరు చేరాడు. ఫలితం మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేటంత. 1853లో అమెరికాలో ఆల్బనీ పట్టణంలో మిషన్ పెద్దలు కూడినప్పుడు, తెలుగు మిషన్‌ను మూసేద్దామా అన్న చర్చ వచ్చింది. ఆ మిషన్‌ను పటంలో ఒంటరి నక్షత్రమని పిలిచారంటే, దాని పక్కన ఇంకో నక్షత్రం లేదనే కదా. డే ఆరోగ్యం పూర్తిగా చెడిపోయి ఆ సంవత్సరమే స్వదేశానికి వెళ్లిపోయాడు. అటువంటి సమయంలో ఐదుగురు కొండ ఎక్కారు.

ఈ సాక్ష్యం మన సభల్లో చాలాసార్లు విన్నాము. చెప్పేవారు సాధారణంగా కొండ మీద ప్రార్థన దగ్గర మొదలుపెట్టి, ఒక్క గంతులో గుండ్లకమ్మ ఏటి దగ్గర 1878లో జరిగిన గొప్ప బాప్తిస్మముల దగ్గరికి దూకేస్తారు. వినడానికి బాగుంటుంది. అయితే ప్రియులారా, కొండకూ ఏటికీ మధ్య ఇరవై నాలుగేళ్లున్నాయి. నాకు ఆ ఇరవై నాలుగేళ్ల మీదనే ఎక్కువ ఆసక్తి, ఎందుకంటే మీరూ నేనూ బ్రతుకుతున్నది అక్కడే.

ఆ మధ్యకాలంలో ఏం జరిగింది? చాలా ఏళ్లు ఏమీ జరగలేదు. కొండ దిగిన మర్నాడు ఒంగోలుకు సేవకుడు రాలేదు. మరుసటి ఏడు రాలేదు. 1862లో జ్యువెట్ ఆరోగ్యం బాగులేక అమెరికా వెళ్లినప్పుడు, ఈ మిషన్‌ను మూసేద్దామని మళ్లీ అన్నారు. మీరు పంపకపోయినా సరే, నేను వెళ్లి ఆ తెలుగువారి మధ్యనే బ్రతికి అక్కడే చనిపోతాను అన్న అర్థంలో ఆయన జవాబు చెప్పాడు. ఆయన తిరిగి వచ్చేటప్పుడు ఓడలో ఒక యువకుణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. ఆ యువకుడే జాన్ క్లౌ. 1865లో దిగాడు, 1866లో ఒంగోలు చేరాడు. కొండ మీద అడిగిన సేవకుడు రావడానికి పన్నెండేళ్లు పట్టింది. 1867 జనవరి 1న ఒంగోలు సంఘము స్థాపించబడింది. సభ్యులు ఎంతమంది అనుకున్నారు? ఎనిమిది మంది. కొండ మీది ప్రార్థనకు సరిగ్గా పదమూడేళ్లకు ఎనిమిది మంది!

ఇంకో సంగతి నన్ను చాలా ఆదరిస్తుంది. ఆ ఏళ్లలోనే, ఆ ఐదుగురికి తెలియకుండా, ఒంగోలుకు దూరాన ఒక పల్లెలో మాదిగ కులములో పుట్టిన యెర్రగుంట్ల పేరయ్య అనే మనిషి సత్యం కోసం వెతుకుతున్నాడు. తోళ్ల వ్యాపారం ఆయనది. యోగ సాధన నేర్చుకున్నాడు, గురువుల దగ్గర కూర్చున్నాడు, తృప్తి కలగలేదు. తోళ్ల కోసం ఉత్తరాదికి వెళ్లినప్పుడు సువార్త చెవిన పడింది. 1866లో ఆయనా, ఆయన భార్య నాగమ్మా బాప్తిస్మము పొందారు. తర్వాత తన జనుల మధ్య ఊరూరా తిరిగి సువార్త చెప్పినది ఆయనే. నెల్లూరులో కూర్చుని ఇంకా జవాబు రాలేదు అనుకుంటున్నవారికి పేరయ్య సంగతి ఎలా తెలుస్తుంది? జవాబు బయలుదేరింది. తోళ్ల మూట మోసుకుని నడిచి వస్తోంది. వారికి కనబడలేదు, అంతే.

మీ విషయంలో కూడా అలాగే జరుగుతుందని, ఫలానా సంవత్సరానికి ఫలానా జవాబు వస్తుందని నేను చెప్పడం లేదు. అలా చెప్పే అధికారం నాకు లేదు. మనకు కనబడినంత మేరకే దేవుడు పని చేస్తున్నాడనుకోవడం పొరపాటు అని మాత్రం చెబుతున్నాను.

ఇక కరువు సంగతి. 1876లో వానలు లేవు. మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకునే ఆ మహా కరువు 1878 దాకా మద్రాసు రాజధానిని పీల్చివేసింది. గింజలు అయిపోయాయి, పశువులు పోయాయి, మనుషులు రాలిపోయారు, ఆకలితోబాటు కలరా వచ్చింది. ఒంగోలు చుట్టుపక్కల కొత్తగా విశ్వసించిన వారిలో ఎక్కువమంది నిరుపేదలు. వారి ప్రార్థన ఎలా ఉండి ఉంటుందో ఊహించండి. అప్పుడు క్లౌ ఏం చేశాడు? ప్రార్థన చేశాడు, సందేహం లేదు. దానితోబాటు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ల కాంట్రాక్టు తీసుకున్నాడు. చిన్నతనంలో అమెరికాలో భూమి కొలిచే సర్వే పని చేసిన మనిషి కాబట్టి కొలతలు, మట్టాలు ఆయనకు తెలుసు. పంతుళ్లనే మేస్త్రీలుగా పెట్టాడు. వేలమంది వచ్చి మట్టి తవ్వారు, కూలి తీసుకున్నారు, గంజి తాగారు. పొద్దుపోయాక ఆ పంతుళ్లు వారి పక్కన కూర్చుని, భారము మోసి అలసిపోయిన వారిని ప్రభువు తన దగ్గరికి పిలిచిన మత్తయి 11:28 మాటలు మళ్లీ మళ్లీ చెప్పారు. వీపు మీద మట్టి తట్ట మోసినవాడికి ఆ వచనం వివరించనక్కర లేదు.

ఈ కాలువ దగ్గర మనం కాసేపు ఆగుదాం, ఎందుకంటే ఈ రోజుల్లో విశ్వాసం అంటే చేతులు ముడుచుకుని కూర్చోవడం అని బోధించేవారు ఎక్కువయ్యారు. రాజైన హిజ్కియాను తీసుకోండి. రెండవ రాజుల గ్రంథము ఇరవయ్యవ అధ్యాయము. మరణకరమైన రోగంతో పడుకున్నాడు. గోడవైపు తిరిగి కన్నీళ్లతో ప్రార్థించాడు. దేవుడు విన్నాడు, పదిహేనేళ్లు ఆయుష్షు పెంచాడు. సరే, ఆ తర్వాత యెషయా ప్రవక్త ఏం చేయించాడు? అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి కురుపు మీద కట్టించాడు. దేవుడు మాట ఇచ్చేశాడు కదా, ఇంకా ముద్ద ఎందుకు అని ప్రవక్త అనలేదు. పౌలు తిమోతికి తరచుగా వచ్చే కడుపునొప్పికి ఉపవాసం చెప్పలేదు, కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు.

అందుచేత స్పష్టంగా చెబుతున్నాను, వినండి. షుగరుకు ఇన్సులిన్ తీసుకుంటున్న సహోదరీ, ప్రార్థన చేయించుకున్నావు కాబట్టి ఇంజెక్షన్ మానేయమని ఎవరైనా చెబితే, ఎంత పెద్ద సేవకుడైనా సరే, ఆ మాట వినవద్దు. క్షయకు మందులు వాడుతున్న తమ్ముడూ, డాక్టరు చెప్పిన కోర్సు చివరి రోజు దాకా మింగు. మధ్యలో ఆపితే జబ్బు మొండికెత్తి ఆ మందులకు లొంగకుండా పోతుంది. మాత్ర వేసుకునే ముందు తల వంచి స్తోత్రము చెప్పుకో. అది అవిశ్వాసం కాదు. కరువులో కాలువ తవ్విన విశ్వాసులు ఏం చేశారో నువ్వూ అదే చేస్తున్నావు.

మళ్లీ కరువు దగ్గరికి. క్లౌ ఇంకో పని చేశాడు, అది నాకు అన్నిటికంటే గొప్పగా తోస్తుంది. సుమారు పదిహేను నెలలపాటు ఆయన ఎవరికీ బాప్తిస్మము ఇవ్వలేదు. అడిగేవారు లేక కాదు, అడిగేవారు గుంపులు గుంపులుగా ఉన్నారు. అన్నం కోసం ఎవరూ క్రీస్తు దగ్గరికి రాకూడదని ఆపాడు. ఆలోచించండి, ప్రార్థనకు జవాబు గుమ్మంలో నిలబడి ఉంటే, ఇంకా వేచి ఉండు అన్నాడు! మనమైతే ఫొటోలు తీయించి, పెద్ద అక్షరాలతో కరపత్రాలు వేయించి ఉండేవాళ్లం.

1878లో సహాయపు డబ్బు ఆగిపోయింది. ఇక ఇచ్చేందుకు ఏమీ లేదు. అప్పుడు వచ్చారు జనం. ఒంగోలుకు ఉత్తరాన, గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లికి. మాకు మీ సహాయం వద్దు, కాలువ తవ్విన చేతుల మీద బొబ్బలు చూడండి, పని చేసుకుని బ్రతుకుతాము, ఈసారి పంట పోతే చనిపోతాము, చనిపోయినా క్రీస్తువారిగానే చనిపోతాము అన్న అర్థంలో వారు మాట్లాడారు. 1878 జూలై 3న ఒక్క రోజులో 2,222 మంది ఆ ఏటిలో బాప్తిస్మము పొందారు. ఇచ్చినది దొరగారు కాదు. అభిషేకము పొందిన ఆరుగురు పంతుళ్లు, ఒక్కొక్కసారి ఇద్దరు చొప్పున నీళ్లలో నిలబడి ఇచ్చారు. ఆ సంవత్సరం ముగిసేలోగా ఆ సంఖ్య తొమ్మిది వేలు దాటింది. మీలో ఎంతమంది తాతల తాతలు ఆ నీళ్లలో దిగినవారో! వారికి మిగిలినవి ఖాళీ గాదె, బొబ్బలెక్కిన చేతులు. వారి నమ్మకం పంట వచ్చాక పుట్టినది కాదు.

ఇంతవరకు సంతోషంగా విన్నారు. అయితే ఈ సాక్ష్యంలో చేదు భాగం ఒకటుంది, దాన్ని దాచడం నాకు ఇష్టం లేదు. శామ్యూల్ డే 1871లో చనిపోయాడు. తొలి దుక్కి దున్నినవాడు ఆయన. గుండ్లకమ్మకు ఏడేళ్ల ముందే కన్నుమూశాడు. హెబ్రీ పత్రిక పదకొండవ అధ్యాయములో ఉన్న వారిలాగే దూరం నుంచి చూసి వందనం చేసి వెళ్లిపోయాడు. కరువులో ప్రార్థించినవారందరూ బ్రతకలేదు. వారిలో విశ్వాసులున్నారు, పసిపిల్లలున్నారు.

అపొస్తలుల కార్యములు పన్నెండవ అధ్యాయము తీయండి. మనం పేతురు చెరసాల గురించి ఎంతో ఇష్టంగా చదువుతాము. దూత రావడం, సంకెళ్లు ఊడడం, ఇనుప తలుపు దానంతట అదే తెరచుకోవడం, రొదే అనే చిన్నది సంతోషంలో తలుపు తీయకుండా లోపలికి పరుగెత్తడం. అయితే ఆ అధ్యాయము రెండవ వచనము చాలామంది దాటిపోతారు. అదే హేరోదు, కొద్ది రోజుల ముందే, యోహాను సహోదరుడైన యాకోబును కత్తితో చంపించాడు. ఒకే సంఘము, ఒకే దేవుడు. పేతురు విడుదలయ్యాడు. యాకోబు శవమయ్యాడు. పేతురుకు విశ్వాసం ఎక్కువ, యాకోబుకు తక్కువ అని ఒక్క అక్షరమైనా అక్కడ లేదు. యాకోబు కోసం సంఘము ప్రార్థించలేదు అని కూడా లేదు. యాకోబు తల్లి ఒకప్పుడు ప్రభువు దగ్గరికి వచ్చి, నా కొడుకులిద్దర్నీ నీ కుడి ఎడమల కూర్చోబెట్టు అని అడిగింది. ఆ తల్లి అప్పటికి బ్రతికి ఉంటే, పేతురు తలుపు తట్టిన రాత్రి ఆ ఇంట్లో అందరూ సంతోషిస్తుంటే, ఆమె మనసు ఎలా ఉండి ఉంటుంది? మీ పక్కింటివారి అబ్బాయి ఐసీయూ నుంచి నడుచుకుంటూ ఇంటికొచ్చి, మీ అబ్బాయి రాకపోతే ఎలా ఉంటుందో, అలాగే.

ఎందుకలా జరిగిందో లూకా భక్తుడు చెప్పలేదు. చెప్పనిదాన్ని నేను కల్పించి చెప్పను. యోబు స్నేహితులు చేసిన పని అదే. ఏడు రోజులు నేల మీద మాట్లాడకుండా కూర్చున్నంతసేపు వారు మంచి స్నేహితులే. నోరు తెరిచాకే చెడిపోయారు. నీలో ఏదో పాపముంది, అందుకే ఇలా జరిగింది అన్నారు. చివరి అధ్యాయములో దేవుడు ఎవరి మీద కోపగించుకున్నాడు? పుట్టిన దినాన్ని శపించి, దేవునితో వాదించి, ఏడ్చిన యోబు మీద కాదు. దేవుని తరఫున వకాల్తా పుచ్చుకున్న స్నేహితుల మీద. మంచం మీద ఉన్నవారిని పరామర్శించడానికి వెళ్లి, నీకు విశ్వాసం చాలదు కాబోలు అనే పెద్దలారా, దయచేసి ఆ అధ్యాయము ఒకసారి చదవండి. పౌలు త్రోఫిమును మిలేతులో రోగిగానే విడిచి వెళ్లాడు. పౌలుకు విశ్వాసం లేదందామా? తన శరీరంలో ముల్లు తీసేయమని పౌలు మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు అలాగే ఉంది. దానికి సరిపడిన కృప దొరికింది. గెత్సేమనేలో ప్రభువే ఆ గిన్నె తొలగించమని అడిగాడు. గిన్నె తొలగలేదు. దేవుని కుమారుని ప్రార్థనకే అలాంటి జవాబు వచ్చినప్పుడు, నీ ప్రార్థనకు అలాంటి జవాబు వచ్చిందని నిన్ను ఎవరు తప్పుపట్టగలరు?

మరి కొండకూ ఏటికీ మధ్య ఉన్నవారు ఎలా ప్రార్థించాలి? నాకు తెలిసినంతవరకు కొన్ని మాటలు చెబుతాను.

ఉన్నది ఉన్నట్టు చెప్పండి. దేవుని ముందు నటించవద్దు. కీర్తనల గ్రంథములో సగానికి సగం ఫిర్యాదులే. పదమూడవ కీర్తనలో దావీదు ఎంతకాలం అని నాలుగుసార్లు అడిగాడు. ఎనభై ఎనిమిదవ కీర్తన అయితే చీకటిలోనే మొదలై చీకటిలోనే ముగుస్తుంది, చివర్లో ఒక్క హల్లెలూయా లేదు. అయినా దాన్ని పరిశుద్ధాత్ముడు బైబిల్లో ఉంచాడు. అటువంటి రాత్రులు ఉంటాయని ఆయనకు తెలుసు. ఆ కీర్తనకారుడు కూడా మాట్లాడుతున్నది దేవునితోనే అని గమనించండి. ముఖం తిప్పుకోలేదు.

బేరం పెట్టకండి. మనలో ఈ అలవాటు ఎక్కువ. ఇది చేస్తే ఇంత కానుక వేస్తాను, మా అమ్మాయికి సంబంధం కుదిరితే గుడికి ఫ్యాన్లు కొనిస్తాను. కృతజ్ఞతతో ఇవ్వడం మంచిదే, తప్పకుండా ఇవ్వండి, గుడికి ఫ్యాన్లు కావాలి కూడా. కాని పాత మొక్కుబడికే కొత్త పేరు పెట్టి దేవుని ముందు తక్కెడ పెట్టవద్దు. తన కుమారుణ్ణే ఇచ్చినవాడు మన ఫ్యాన్ల కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు.

మాటలు రాని రోజున బలవంతంగా మాటలు వెతుక్కోవద్దు. రోమా పత్రిక ఎనిమిదవ అధ్యాయములో, మనకు ఎలా అడగాలో తెలియనప్పుడు ఆత్మ తానే మూల్గులతో మన పక్షంగా వేడుకుంటాడని పౌలు చెప్పాడు. డయాలసిస్ గది బయట బల్ల మీద కునుకు తీసే భార్య నిట్టూర్పు దేవుని చెవిలో ప్రార్థనే. మార్కు సువార్త తొమ్మిదవ అధ్యాయములో, మూర్ఛతో పడిపోయే కొడుకును తీసుకొచ్చిన తండ్రి, నమ్ముతున్నాను గాని నా అపనమ్మకానికి సహాయం చేయి అన్న భావంతో కేక వేశాడు. సగం నమ్మకం, సగం అపనమ్మకం. ప్రభువు ఆ సగంతోనే పని మొదలుపెట్టాడు. ముందు నూరు శాతం తెచ్చుకో, తర్వాత చూద్దాం అని పంపించివేయలేదు.

ఒంటరిగా మోయకండి. కొండ ఎక్కినవారు ఐదుగురు. ఒకరి గొంతు ఆగినచోట ఇంకొకరు అందుకున్నారు. గుడికి రావడం మానేసిన ఆ రైతు సహోదరుణ్ణి గురించి నేను ఆ సంఘపు పెద్దలకు చెప్పేది ఇదే. ఆయన దగ్గరికి వెళ్లండి. బోరు సంగతి అడగవద్దు. వచ్చే వారం కూడా రండి అని ఒత్తిడి చేయవద్దు. ఆయనతో కలిసి పొలం గట్టు మీద కూర్చోండి. ఆయన ప్రార్థన చేయలేకపోతే, ఆయన పక్కన మీరు చేయండి. అప్పు తీర్చడానికి సంఘము ఎంతో కొంత కూడబెట్టగలిగితే, అది కూడా తీసుకువెళ్లండి. యాకోబు పత్రిక రెండవ అధ్యాయము మరచిపోవద్దు. వెచ్చగా ఉండు, తృప్తిగా తిను అని నోటితో అంటే సరిపోదు.

సమయము ముగియవచ్చింది. మీరు ఎక్కడ ఉన్నారో అక్కడే, ఏ స్థితిలో ఉన్నారో ఆ స్థితిలోనే, కళ్లు మూసుకోగలిగినవారు మూసుకోండి. బండి నడుపుతున్నవారు మూసుకోవద్దు, దేవుడు తెరిచిన కళ్ల ప్రార్థన కూడా వింటాడు.

ప్రార్థన చేద్దాము.

పరలోకమందున్న మా తండ్రీ, ఈ వేళ రేడియో పక్కన కూర్చున్న నీ బిడ్డల్ని నువ్వు పేరుపేరునా ఎరుగుదువు. చాలాకాలంగా ఒకే మాట అడుగుతూ అలసిపోయినవారున్నారు. వారి మీద కోపగించుకోని తండ్రివి నువ్వు. స్వస్థపరచగల నీ చెయ్యి చాపుమని అడుగుతున్నాము, సిగ్గుపడకుండా అడుగుతున్నాము. డాక్టర్ల చేతుల్ని, నర్సుల చేతుల్ని, మందుల్ని దీవించు. ఎండిన పొలాల మీద వాన కురిపించు. అప్పులవాళ్లు తలుపు తట్టే ఇళ్లలో ధైర్యాన్నివ్వు. కొడుకును పోగొట్టుకున్న తల్లి ఇవాళ ఈ మాటలు వింటూ ఉంటే, ఆమె దగ్గర కూర్చో తండ్రీ. ఆమెకు మేము చెప్పగలిగిన మాట లేదు, నీ దగ్గర ఉంది. రేపు ఉదయం లేచి మళ్లీ నీతో మాట్లాడడానికి సరిపడినంత బలం మాకు ఈ రాత్రి దయచేయి. నీ కుమారుడైన యేసుక్రీస్తు నామములో అడుగుతున్నాము తండ్రీ. ఆమేన్.